నా పేరు మీద వియ్యంకుడి గళ్ళ

నాలుగేళ్లుగా ఒక ప్లాస్టిక్ డబ్బాను మోస్తున్నాను. అరచేతిలో ఇమిడిపోయే డబ్బా, బిగుతైన మూత. ఆస్పత్రివాళ్లు గళ్ళ పట్టి తెమ్మని ఇస్తారే, అది. నిజం డబ్బాను వాళ్లు అప్పుడే కాల్చేసి ఉంటారు. పరీక్ష అయ్యాక కాల్చేస్తారట. నా దగ్గరున్నది కాలదు. అన్నం దగ్గర కూర్చుంటే కంచం పక్కనే ఉంటుంది. వియ్యంకుడి ఇంటికి పోతే నాకంటే ముందు గడప దాటి లోపల కూర్చుంటుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇంత కాగితం ఖర్చు చేసేవాణ్ణి కాదు. మనుషుల పేర్లు మార్చాను. ఊళ్ల పేర్లు మార్చలేదు. అక్షరాలు అరవై దాటాక నేర్చుకున్నవాణ్ణి, ఎక్కడైనా ఒత్తు జారితే మీరే సర్దుకోండి.

నేను ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాణ్ణి. ఆ ఏడు నాకు దగ్గు పట్టుకుంది. బీడీల దగ్గు. అది బీడీల దగ్గని నాకు తెలుసు. అయినా ఎవరైనా ఎన్నాళ్ల నుంచి అని అడిగితే మాట మార్చేవాణ్ణి. ఎందుకంటే మా పనిలో ఒక అలవాటుంది. మగ్గం మీద పోగు తెగితే రెండు కొసలు కలిపి మెలిపెట్టి అతకాలి. అతికే ముందు వేలు నాలుకకు తాకించుకుంటాం. తడి వేలికి పట్టు లొంగుతుంది. రోజుకు ఎన్నిసార్లు చేస్తామో మాకే తెలియదు. టీబీ అన్న మాట వీధిలో పుట్టిందంటే ఆ వేలితో అతికిన చీర ఎవరికి కావాలి? కట్టుకునే పెళ్లికూతురికి తెలియదు, సరే. పట్టు ఇచ్చే షావుకారుకు తెలుస్తుంది. మరుసటి రోజు నుంచి వార్పు ఇవ్వడు. వార్పు అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు. అవి లేకపోతే మగ్గం పొయ్యిలోకి తప్ప పనికిరాదు. మా వీధిలో ఒకాయనకు అట్లాగే ఆగిపోయింది. ఆయన జబ్బు ఆరు నెలల్లో నయమైంది. వార్పు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు బస్టాండు దగ్గర బొరుగులు అమ్ముతున్నాడు.

నేను ఆ భయంలో ఉండగా నాగమణి వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి దగ్గేవాళ్లను పట్టుకునే ఆశా కార్యకర్త. వీధి మొదట్లో ఉండగానే నా దగ్గు విందట. తప్పించుకునే దారి లేదు. రెండు డబ్బాలు చేతిలో పెట్టి, రేపు పొద్దున లేస్తూనే లోపలి నుంచి లాగి ఉమ్మాలి, ఒకటి ఇప్పుడు ఒకటి తర్వాత అని ఏదో వివరం చెప్పింది. "ఎంగిలి పోసి తెచ్చినావంటే తిప్పి పంపిస్తా పెదనాయనా. గళ్ళ కావల్ల, గళ్ళ" అంది.

ఆ సాయంత్రమే మా వియ్యంకుడు దిగాడు. గంగప్ప అనుకుందాం. మా ఒక్కగానొక్క కూతురు లలితను ఆయన కొడుక్కిచ్చాం. హిందూపురం పక్కన, రొద్దం పోయే దారిలో వాళ్ల పల్లె. ఎకరన్నర మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, రెండు ఆవులు. పురుగులు గూళ్లు కడితే హిందూపురం తీసుకుపోయి అమ్మేవాడు. వాళ్ల బంధువుల పెళ్లికి చీర కావాలని, వియ్యంకుడి దగ్గరైతే తక్కువలో వస్తుందని వచ్చాడు. చీర కంటే ఎక్కువగా గొప్పలు తెచ్చాడు. పుట్టి బుద్ధెరిగినాక ఒక్క మాత్ర మింగలేదట. ఈ వయసులోనూ మూట ఎత్తితే పక్కన పడుచువాడు సిగ్గుపడతాడట. నేను దగ్గుతూ వింటున్నాను. ప్రతి దగ్గుకూ ఆయన నావైపు జాలిగా చూసేవాడు. ఆ జాలి నాకు బాగా గుర్తుంది.

ఎప్పుడొచ్చినా, పొద్దున ఆయన గొంతు సవరిస్తే మా వీధంతా లేచేది. కాలువ పక్కన నిలబడి, లోపల బావిలోంచి బొక్కెన లాగినట్టు లాగేవాడు. లోపల సరుకుంటేనే కదా బయటికి వచ్చేది అని దానికీ ఒక గొప్ప. ఆ పొద్దున నేను పక్కనే నిలబడి అరగంట దగ్గితే వచ్చింది ఎంగిలే. డబ్బా వైపు చూశాను. ఆయన వైపు చూశాను. నాకు తెలిసిన మనుషుల్లో జబ్బు లేదని ప్రమాణం చేయగలిగిన ఒకే ఒక మనిషి ఎదురుగా నిలబడి కాలువలోకి వృథా చేస్తున్నాడు.

ఆ మాటలు ఇప్పటికీ వరుస తప్పకుండా గుర్తున్నాయి.

"బావా, ఒక సాయం చేయల్ల" అన్నాను.

"దుడ్లు తప్ప ఏమన్నా అడుగు."

"దీంట్లో ఉమ్మల్ల."

ఆయన డబ్బాను చూశాడు. నన్ను చూశాడు. తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"వియ్యంకునికి కాఫీ ఇస్తారు, పలారం పెడతారు. ఉమ్మేదానికి డబ్బా ఇచ్చేది మీ ధర్మవరంలోనే చూస్తాండా."

"సర్కారోళ్ళు ఇచ్చిపోయినారు బావా. ఈదికొక బలమైన మనిషిది కావల్లంట."

"ఏమిటికంట?"

ఏమిటికో నాకూ తెలియదు. నోరు మాత్రం ఆగలేదు. "దాంతో మందు చేస్తారంట. బలం మందు."

"మీ ఈదిలో బలమైనోడు ఒకడూ లేడా?"

"ఉండింటే నిన్నేమిటికి అడుగుతా. అందురూ నాయట్లా ఎండిపోయినోళ్ళే గదా."

ఆ మాట పనిచేసింది. ఛాతీ విరిచి, కళ్లు మూసుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, డబ్బా నింపి, మూత కూడా ఆయనే బిగించి ఇచ్చాడు.

"ఇంగో డబ్బా లేదా?"

"ఉండాది."

"తే మళ్ళ. ఒగటి నింపి ఒగటి ఖాళీగా పంపిస్తే ఏం బాగుంటాది."

ఎవరికీ చెప్పొద్దన్నాను. వీధిలో తెలిస్తే మాది ఎందుకు తీసుకోలేదని కొట్లాటకు వస్తారన్నాను. "నాకు పేరేమిటికప్పా, మందు లేనోళ్ళకు అందితే సాలు" అన్నాడు. చీర తీసుకుని మధ్యాహ్నం రైలుకు పోయాడు. నేను రెండు డబ్బాలూ నాగమణికి అప్పగించి, వారం రోజుల తర్వాత మొదటిసారి నిమ్మళంగా ఒక బీడీ కాల్చాను.

మూడు రోజులకు నాగమణి వచ్చింది. ముఖం ఒకలాగా పెట్టుకుని, మా రామక్కను కూడా పిలిచి కూర్చోబెట్టింది. రామక్క నా భార్య. నా గళ్ళలో టీబీ ఉందట. భయం లేదట, ఆరు నెలలు మాత్రలు మింగితే పోతుందట, మాత్రలు ఉచితమట, తిండికి ప్రభుత్వం నెలనెలా బ్యాంకులో డబ్బు కూడా వేస్తుందట. నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. భయానికి మతి తప్పిందనుకుని ఆమె నా వీపు నిమిరింది. రామక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ నవ్వు గొంతులో ఉండగానే అర్థమైంది. గళ్ళ నాది కాదు కాబట్టి జబ్బూ నాది కాదు. మరి ఎవరిది? మూట ఎత్తితే పడుచువాణ్ణి సిగ్గుపెట్టే మనిషిది. లోపలి సరుకు గురించి గొప్పలు చెప్పుకున్న మనిషిది. ఆయనకు తెలియదు. డాక్టరుకు తెలియదు. ఈ భూమి మీద నాకొక్కడికే తెలుసు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నాగమణమ్మా, అది మా వియ్యంకుడిది. ఇంతే మాట. ఎందుకు చెప్పలేదు? గళ్ళ మార్చానంటే పరువు పోతుంది. టీబీ అంటే వాళ్ల ఊళ్లో ఆయన పరువు పోతుంది. వియ్యంకుడితో ఉమ్మించుకున్నానంటే మా లలితను ఆ ఇంట్లో ఎట్లా చూస్తారు? అంత గట్టి మనిషి, దగ్గు ముదిరితే ఆయనే పోయి చూపించుకుంటాడులే. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కోటి విడిగా చూస్తే ఒప్పుకోదగ్గ మాటలే. ఇన్ని మాటలు కావలసి వచ్చాయంటేనే అనుమానించాల్సింది.

నేను జబ్బుమనిషినైపోయాను. ఎక్సరే తీస్తే బీడీల పొగకు నా ఊపిరితిత్తులు వంటింటి గోడలాగా ఉన్నాయట, ఎవరికీ అనుమానం రాలేదు. షావుకారుకూ లలితకూ నాకు నడుం పట్టిందని చెప్పాం. రామక్క, ఆమె చెల్లెలు కలిసి మగ్గం ఎక్కారు. ఇద్దరూ వంట చేసి, నేసి, మళ్లీ వంట చేసేవాళ్లు. చీర దిగడానికి నా హయాంలో కంటే ఎక్కువ రోజులు పట్టేది, అందుకు తగ్గట్టు కూలీ పలచబడింది. నాకు మాత్రం గుడ్డు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నలభై ఏళ్ల కాపురంలో ఇంట్లో నాకొక్కడికే గుడ్డు ఉడికించడం అదే మొదలు. పాలు, వేరుశనగ ఉండలు. మధ్యాహ్నం మంచం. మాత్రలు నాగమణి ఎదుట మింగాలి, మింగాను. వియ్యంకుడి మాత్రలు వియ్యంకుడి పేరు తలుచుకుంటూ మింగాను. ఉచ్చ ఎర్రగా వచ్చింది. మందు పని చేస్తున్నట్టు గుర్తు, కంగారు పడొద్దని ఆమె ముందే చెప్పింది.

ఇంట్లో అందరూ కళ్లు పెట్టుకుని ఉండడంతో బీడీలు మానాల్సి వచ్చింది. బీడీలు మానేసరికి దగ్గు పోయింది. నాగమణి సంతోషం చూడాలి. మాత్రలు మింగడానికి మొండికేసేవాళ్లను, నాలాగే జబ్బు దాచుకున్నవాళ్లను, చాటుగా తీసుకొచ్చి నన్ను చూపించేది. పెదనాయన రోజూ వేసుకుంటున్నాడు, చూడండి ఎట్లా కోలుకున్నాడో అని. నేను మంచం మీద కూర్చుని, కోలుకున్నట్టు నవ్వేవాణ్ణి. టీబీ వచ్చి నాలాగా ఒళ్లు చేసినవాడు అనంతపురం వైపంతా వెతికినా దొరకడు.

ఊరికే కూర్చున్న మొగుణ్ణి చూస్తే రామక్కకు చిరాకు. ఆమె అయిదో తరగతి దాకా చదివింది. పలక తెచ్చి నా ముందు పడేసింది. మగ్గం మీద నుంచే కేకేసి దిద్దించేది. నాకు అక్షరాలు వచ్చింది ఆ ఆరు నెలల్లోనే. నేను సొంతంగా కూడబలుక్కుని చదివిన మొదటి ముక్క మందుల కార్డు మీద ఉన్న నా పేరు. రామక్క చప్పట్లు కొట్టింది. ఆ పేరు అక్కడ ఉండాల్సింది కాదని చదువు రాకముందు కూడా నాకు తెలుసు. కానీ కళ్లతో చదివాక ఆ రోజు గుడ్డు సగంలో వదిలేశాను. మరుసటి రోజు మళ్లీ తిన్నాను. ఒట్టు పెట్టి చెబుతున్నాను, తిన్నాను.

రెండో నెల లలిత ఫోను చేసింది. "మామకు ఒకటే దగ్గు నాయనా. సాయంత్రమైతే జరం. హిందూపురంలో చూపిస్తే షెడ్డులో చల్లే పొడి పడల్యా అంటాండారు. పురుగులు ఆపేయమన్యారు."

పట్టుపురుగులకు రోగాలు రాకుండా షెడ్డులో సున్నం, బ్లీచింగు పొడి చల్లుతారు. ఆ పొడి వల్ల దగ్గని ఒక డాక్టరు అనుకున్నాడు. దాంతో ఇంకో పది రోజుల్లో గూళ్లు కట్టబోయే పురుగుల్ని తట్టల్లో ఎత్తి దిబ్బలో పారబోశారు. ఒక పంట డబ్బు అట్లా పోయింది. దగ్గు పోలేదు. ఇంకో డాక్టరు ఉబ్బసమన్నాడు, ఇంకొకరు నిమ్ము అన్నారు. ఎవరి దగ్గరికి పోయినా మొదటి నుంచి రక్తపరీక్షలు, కొత్త మందులు, బస్సు చార్జీలు, వెంట పోయిన కొడుక్కి పని చెడిపోవడం. ఒక ఆవు పోయింది. నేను ఆ డాక్టర్లను తప్పుపట్టను. వాళ్లకు తెలియదు. తెలిసినవాణ్ణి నేను, ధర్మవరంలో గుడ్డు తింటూ, ఫోనులో "జాగర్తమ్మా, మామను బాగా చూసుకో" అంటున్నాను.

ఇంకొక మాట ఉంది. దీన్ని రాయకుండా దాటేద్దామని రెండు రోజులు కాగితం పక్కన పెట్టాను. లలిత ఆ కబురు చెప్పినప్పుడు నా లోపల ఒక మూల, చాలా చిన్న మూల, చల్లబడింది. నా దగ్గును జాలిగా చూసిన మనిషి దగ్గుతున్నాడని. మాత్ర ఎరగని ఒంటికి ఇప్పుడు సంచి నిండా మాత్రలని. పరువు, లలిత అని పైన రాసినవన్నీ నిజమే. కానీ నన్ను కట్టేసింది అవి మాత్రమే కాదు. ఆ మంచం నాకు నచ్చింది. ఆ చల్లదనమూ నచ్చింది. ఆయన చావాలని అనుకోలేదు. కొంచెం తగ్గాలని అనుకున్నాను. జబ్బు ఎంతవరకు తగ్గించాలో నన్ను అడిగి తగ్గిస్తుందా?

మూడో నెలలో భయం మొదలైంది. మనిషి సగమయ్యాడని లలిత ఏడ్చింది. అప్పుడు నాకొక తెలివి పుట్టింది. దాని కంటే నోరు తెరవడం తేలిక. కానీ నాలాంటివాడికి తేలిక పని తట్టదు. ఊరికి పోతున్నానని చెప్పి నాగమణి దగ్గర వారానికి సరిపడా మాత్రలు తీసుకున్నాను. అట్టలోంచి ఒలిచి, ఒక పాత మందు సీసాలో పోసి, రైలెక్కి హిందూపురంలో దిగి, అక్కణ్ణుంచి ఆ పల్లెకు పోయాను. వియ్యంకుణ్ణి షెడ్డు వెనక్కి పిలిచి, బలం మాత్రలు, రోజూ పరగడుపున వేసుకో, ఎవరికీ చెప్పొద్దు అన్నాను.

ఆయన సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. కళ్లు మెరిశాయి.

"ఏమప్పా, నా గళ్ళతో చేసిన మందేనా?"

ఏమనాలి? తలూపాను.

"చూడు మళ్ళ" అన్నాడు, "నా బలం నాకే తిరిగొస్తాండాది." అక్కడే నిలబడి మొదటి రోజువి మింగేశాడు. పుట్టి బుద్ధెరిగినాక ఇష్టంగా మింగిన మాత్రలు అవేనేమో.

మూడు రోజులు మింగాడు. ఉచ్చ ఎర్రబడుతుందని నాకు నాగమణి చెప్పినట్టు నేను ఆయనకు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. వియ్యంకుడితో ఉచ్చ సంగతి ఎట్లా మాట్లాడతామని మర్యాద అడ్డమొచ్చింది. గళ్ళ అడిగినప్పుడు ఆ మర్యాద ఎక్కడికి పోయిందో తెలియదు. ఆయన మాత్రం రక్తం పోతోందనుకున్నాడు. ఇల్లంతా గగ్గోలు. హిందూపురంలో కిడ్నీలేమో అన్నారు. బెంగుళూరు తీసుకుపోయారు. ఏమైనా మాత్రలు వేసుకుంటున్నావా అని అక్కడ అడిగారట. నాకిచ్చిన మాటకు కట్టుబడి లేదన్నాడు. స్కానింగులు, ఇద్దరు మనుషులు లాడ్జిలో మూడు రోజులు, తిండి, ఆటోలు. కిడ్నీలు బంగారంలాగా ఉన్నాయని తేల్చారు. ఆ మాట తేలడానికి మా లలిత మెడలోని బంగారు గొలుసు తాకట్టుకు పోయింది. పెళ్లికి నేను పెట్టిన గొలుసే.

భయపడి ఆయన ఆ సీసా గుంటలో పూడ్చేశాడట. తర్వాత నేను నాగమణిని ఎటో తిప్పి అడిగాను, ఎవరైనా మూడు రోజులు వేసుకుని ఆపేస్తే ఏమవుతుందని. ఆమె నన్నే అనుమానంగా చూసింది. "నువ్వు మాత్రం ఆపొద్దు పెదనాయనా. ఇష్టమొచ్చినట్ల మింగి ఆపితే ఆ జబ్బు మందుకే లొంగకుండా తిరగబడొచ్చు. అప్పుడు ఏండ్ల తరబడి తిప్పలు" అంది. ఆమె పోయాక నేను మంచం మీద కూర్చోలేకపోయాను. నిలబడలేకపోయాను. అయినా నోరు తెరవలేదు. తప్పు చిన్నగా ఉన్నప్పుడు చెప్పడానికి సిగ్గు. పెద్దదయ్యాక చెప్పడానికి భయం. మరి చెప్పడానికి సరిపోయే సైజు ఏది?

ఇంకో ఆవు కూడా పోయింది. అయిదో నెలలో లలిత ఫోను. గొంతులో ఏడుపు కూడా లేదు. "తోట అమ్ముతాండారు నాయనా. రేపు పెనుకొండలో రిజిస్ట్రేషను. అప్పులోళ్ళు నిలవనీల్యా."

ఎకరన్నర. ఆ ఇంటికి ఉన్నదంతా అదే.

మరుసటి రోజు తెల్లవారే స్టేషనుకు పోయాను. పెనుకొండకు టికెట్ తీసుకున్నాను. పాసింజరు వచ్చింది. నా ముందు ఆగింది. తలుపు నా ఎదురుగానే ఉంది. నేను బెంచీ మీద కూర్చునే ఉన్నాను. కాళ్లకేమీ జబ్బు లేదు. ఏమని చెప్పాలో ఇంకా కుదరలేదు, కుదిరాక పోదాం అనుకున్నాను. బండి కదిలింది. గార్డు నా వైపు చూశాడు కూడా. తర్వాత బండికి పోయాను. ఈ తప్పు మొత్తంలో నేను ఎవరి మీదా నెట్టలేనిది ఇదే. ఆ మొదటి బండి ఎక్కి, మందు ఉచితం, ఆయన లేస్తాడు అని చెప్పి ఉంటే అప్పులవాళ్లు ఆగేవాళ్లు, తోట నిలిచేది.

నేను పోయేసరికి సంతకాలు అయిపోయాయి. గంగప్ప రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా లోపల ఎక్కడో ఉన్నాడు, వెతుక్కోవాలి. కొడుకు బండి తేవడానికి పోయాడట. నన్ను చూసి లేవబోయాడు. వియ్యంకుడు వస్తే లేవాలి కదా. లేవలేక నవ్వాడు. రైల్లో పొందిగ్గా పేర్చుకున్న మాటలన్నీ ఆ నవ్వుకు చెదిరిపోయాయి. అప్పుడు కూడా నిజం చెప్పలేకపోయాను. నిజం పక్కన కూర్చునే ఒక అబద్ధం చెప్పాను.

"బావా, నాకు టీబీ ఉండాది. అయిదు నెల్లుగా మాత్రలు మింగుతాండా. నాది నీకేమన్నా అంటుకున్యాదేమో. ఆస్పత్రికి పోదాం రా."

ఆయన జేబులోని కాగితాలను పైనుంచి తడిమి చూసుకున్నాడు. తర్వాత, "ముందే చెప్పకూడదా అప్పా" అన్నాడు.

"లలితను మాటంటారని."

"నువ్వు దగ్గితే దాన్నేమిటికంటాము, పిచ్చోడా" అని నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా నేను ఆయన వీపు పట్టుకున్నాను. వీపంతా ఎముకలే.

అక్కడి ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకుపోయాను. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఆయన చేతిలో డబ్బా పెట్టింది. అదే డబ్బా. అదే మూత. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"బలమైనోళ్ళదే తీసుకుంటారని చెప్తివి."

"బలం తగ్గినోళ్ళది గూడ తీసుకుంటారంట" అన్నాను.

ఆయన పక్కకు పోయి ఉమ్మి వచ్చాడు. ఈసారి రెండో డబ్బా అడగలేదు.

టీబీయే. దేవుడి దయ, మామూలు మందుకు లొంగే టీబీయేనని సాయంత్రానికి తేలింది. మాత్రలిచ్చిన ఆమె ఆరు నెలలు వేసుకోవాలని, పైసా ఖర్చు లేదని చెప్పింది. గంగప్ప ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని, "ఉచితమా?" అని అడిగాడు. ఉచితమే అందామె. మళ్లీ అడిగాడు, "పూర్తిగా ఉచితమా?" ఆయన జేబులో తోట అమ్మిన కాగితాలున్నాయి.

ఆయన కోలుకున్నాడు. ఇప్పుడు బాగా ఉన్నాడు. తాను అమ్మిన తోటలోనే ఆకు కోసే కూలికి పోతున్నాడు. "ఆకుకు నన్నింకా గుర్తుండాది, సులభంగా తెగుతాది" అంటాడు. గొప్పలు పూర్తిగా పోలేదు, అదొక్కటే నాకు ఊరట. నా ఖాతాలో తిండికని పడిన డబ్బులో మిగిలింది తీసి, కొంత కలిపి, లలిత గొలుసు విడిపించాను. ఆ డబ్బు నిజానికి ఎవరిదో మీకు తెలుసు. వాళ్లు మాత్రం వియ్యంకుడంటే ఇట్లా ఉండాలని ఊరంతా చెప్పారు. వాళ్ల ఇంట్లో నన్ను క్షమించనిది వియ్యపురాలు ఒక్కతే. తన మొగుడికి నేనే జబ్బు అంటించానని నమ్మి, ఇప్పటికీ నాకు పిడి విరిగిన ఒక కప్పులోనే కాఫీ ఇస్తుంది, తాగాక వేడినీళ్లతో కడుగుతుంది. ఆ ఇంట్లో నాకు సరిపోయిన మర్యాద అదే. కారణమే తప్పు.

చేయని తప్పుకు నన్ను క్షమించేశారు. చేసిన తప్పు ఎవరి లెక్కలోకీ రాకుండా నా దగ్గరే ఉండిపోయింది. కొన్నిసార్లు అనిపిస్తుంది, ఆ కిటికీ దగ్గర డబ్బా చూసినప్పుడో, ఈ మాత్రలకు ఉచ్చ మళ్లీ ఎర్రబడినప్పుడో గంగప్పకు తెలిసిపోయిందని. తెలిసీ ఊరుకున్నాడేమో. ఇంకొన్నిసార్లు, ఏమీ తెలియదనిపిస్తుంది. రెండింటిలో ఏది నిజమైతే నాకు నిద్ర పడుతుందో తేల్చుకోలేకపోయాను. రామక్కకు కూడా తెలియదు. లేని జబ్బుకు ఆమె ఆరు నెలలు మగ్గం తొక్కింది. ఆమెకు ఈ రోజు చదివి వినిపిస్తాను. పలక నా నెత్తిన పగిలినా పరవాలేదు.

క్షమించమని అడగడం లేదు. మీరు క్షమిస్తే నాకేం వస్తుంది, పోయిన తోట మీది కాదు కదా. రాయడం అయ్యేసరికి ఊపిరి మాత్రం కొంచెం లోపలి దాకా పోతోంది.

గంగప్పకు పేపరు గాని పుస్తకం గాని దొరికితే అట్ట నుంచి అట్ట దాకా చదివే అలవాటు. ఇది అచ్చయితే, పేర్లు మార్చినా ఆయనకు పోల్చుకోవడానికి ఎంతసేపు? బావా, నీకు టీబీ అని నాకు మూడో రోజే తెలుసు. అయిదు నెలలు నీకు చెప్పలేదు. ఫోను చెయ్యి, ఎత్తుతాను.